నిద్రపోతున్న పాలకూర

మా మేనత్త పొరుగింటావిడతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. కారణం గుప్పెడు తోటకూర. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక పిట్టగోడ పక్కన మేనత్త చిన్న చిన్న మళ్ళు కట్టి ఆకుకూరలు వేసేది. ఒకనాడు దీపాలు పెట్టిన తర్వాత, ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని, ఆ పొరుగింటావిడ గోడ మీదుగా చెయ్యి చాపి కాస్త తోటకూర తెంపుకుపోయింది. తెంపుకుపోయినందుకు కాదు మా మేనత్తకు కోపం. అడిగితే ఒడినిండా కోసిచ్చే మనిషి ఆమె. దీపాలు పెట్టాక తెంపినందుకు. పొద్దుగూకితే చెట్లు నిద్రపోతాయని, అప్పుడు ఆకు గిల్లడం నిద్రపోయే పిల్లను గిల్లడమేనని మా వైపు ఇళ్ళలో అందరూ అనేవాళ్ళు. ఆ తర్వాత పొరుగింటావిడ మిట్టమధ్యాహ్నం వచ్చి పప్పులోకి రెండు కాడలు అడిగినా, మేనత్త ఆమె మొహం చూడకుండా, గోడకు చెబుతున్నట్టు, "చెట్లు నిద్రపోతా ఉండాయి" అనేది. పైన ఎండ మండిపోతూ ఉండేది. ఆమె ఖాళీ గిన్నెతో తిరిగిపోయేది.

నాది మేనత్త పోలిక. ముక్కు ఆమెదే, కోపమూ ఆమెదే. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. ఎమ్మెస్సీ చదివిన మనిషి ఒక మాట కోసం ఇంత దూరం పోతుందా అని తర్వాత ఎవరూ నన్ను అడగక్కర్లేదు. పోతుంది.

వృక్షశాస్త్రం చదివి నేను తడ దగ్గర ఒక కంపెనీలో చేరాను. ఆకుకూరలు పెంచే కంపెనీ. మట్టి లేదు, ఎండ లేదు, వాన లేదు. కిటికీలు లేని పెద్ద గదుల్లో ఇనుప అరలు, అరల మీద ట్రేలు, ట్రేలలో ఎరువు కలిపిన నీళ్ళు. ఆ నీళ్ళలోకి వేళ్ళు వేలాడేసుకుని పాలకూర, తోటకూర, చుక్కకూర, చెన్నై హోటళ్ళకు పోయే లెట్యూస్. పైన గులాబీ రంగు లైట్లు. బయట ఉప్పుగాలికి నా స్కూటీ తుప్పుపట్టిపోతుంటే, లోపల ఆకులకు మాత్రం చలీ, వేడీ, తేమా అన్నీ కొలిచి అందించేవాళ్ళం. పుట్టి ఇన్నేళ్ళలో నన్నెవరూ అంత అపురూపంగా చూసుకోలేదు.

నా పని ఆ ఆకుల కిరణజన్య సంయోగక్రియను కొలవడం. దానికి సూట్‌కేసంత మెషీన్ ఉంది. దాని గొట్టం చివర ఆకును పట్టుకునే క్లిప్పు ఒకటి. కోతకు వచ్చే ఆడవాళ్ళు దాన్ని మొసలి నోరు అనేవాళ్ళు. ఆ నోట్లో ఆకును ఉంచి మూస్తే, లోపలికి పోయే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత, బయటికి వచ్చే గాలిలో ఎంత అని మెషీన్ చూస్తుంది. తగ్గిందంటే ఆ తగ్గినదంతా ఆకు తిన్నట్టు. తెర మీద అంకె పెరుగుతుంది. చీకట్లో ఆకు తినదు, మనలాగే ఊపిరి వదులుతుంది. అప్పుడు అంకె సున్నా కిందికి దిగి మైనస్ చూపిస్తుంది. ఇంతకు మించి అర్థం చేసుకోవలసింది పెద్దగా లేదు.

కావలసిందల్లా ఓపిక. రాత్రి గడిచి లైటు పడగానే ఆకు తినడం మొదలుపెట్టదు. ఆకుకు కంటికి కనబడనంత చిన్న రంధ్రాలు ఉంటాయి. రాత్రంతా అవి మూసుకుని ఉంటాయి. అవి మెల్లగా తెరుచుకోవాలి, లోపలి సరంజామా అంతా మేలుకోవాలి. దానికి అరగంటో, ఆ పైనో పడుతుంది. మన నోటి గాలి సోకినా అంకె చెదిరిపోతుంది కాబట్టి కొలిచేటప్పుడు దూరంగా, మాట్లాడకుండా నిలబడాలి. నాకు నోరు మూసుకోవడం రాదని మా అమ్మకు ఎప్పుడూ బెంగ. ఆ మెషీన్ దగ్గర మాత్రం వచ్చింది.

మా గదుల్లో పగలూ రాత్రీ తిరగేసి ఉండేవి. రాత్రిపూట కరెంటు చౌక. అందుకని సాయంత్రం లైట్లు వేసి, మర్నాడు పొద్దున ఎండెక్కే వేళకు ఆర్పేసేవాళ్ళు. బయట జనం టిఫిను తినే వేళకు మా పాలకూరకు రాత్రి మొదలయ్యేది. ఈ ఏర్పాటు చేయించింది మా మేనేజరే. దాని వల్ల ఓనరు దగ్గర మెప్పు కూడా పొందాడు. మెప్పు జేబులో వేసుకున్నాక ఆ ఏర్పాటు సంగతే పూర్తిగా మరిచిపోయాడు.

కోతకు వచ్చే ఆడవాళ్ళు చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. వాళ్ళు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. లైట్లు ఆరాక ఆకు ముట్టరు. ఇంటి దగ్గర దీపం పెట్టాక ముట్టకూడదు, ఇక్కడ దీపం ఆర్పాక ముట్టకూడదు. ఎవరూ చెప్పకుండానే ఆచారాన్ని అట్లా తిరగేసుకున్నారు. తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి, లైట్లు ఆరేలోగా కోత ముగించేవాళ్ళు. వాళ్ళలో వయసులో పెద్దావిడను అందరం పెద్దక్క అనేవాళ్ళం. ఆవిడ ఒక ట్రే మూతకు ఒకవైపు పసుపు రంగు సూర్యుణ్ణి, రెండోవైపు తెల్ల చందమామను వేయించి గది తలుపుకు లోపలి పక్క, తీయగానే కనబడేటట్టు వేలాడదీసింది. లైట్లు వెలుగుతుంటే సూర్యుడు, ఆరాక చందమామ. చందమామ ఉన్నప్పుడు లోపలికి పోవాలంటే ఆకుపచ్చ టార్చి వేసుకుని పోవాలి, ఆ మసక వెలుగు చెట్ల నిద్రను పెద్దగా చెడగొట్టదు. ఆ బోర్డు అర్థం స్వీపరు దగ్గర్నుంచి ఎలక్ట్రీషియన్ దాకా అందరికీ తెలుసు.

మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, మెత్తటి మాట. అరిచే మనిషైతే నాకు ఇంత పగ ఉండేది కాదేమో. మా నాన్న కూడా అరుస్తాడు, అరిచి మరిచిపోతాడు. ఈయన నవ్వుతూ తీసిపారేసే రకం.

చేరిన కొత్తలో ఒక మీటింగు జరిగింది. కొలతలన్నీ ఆఫీసు టైములోనే చెయ్యాలని, తెల్లవారుజామున రావడాలు అవీ కుదరవని ఆయన అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆఫీసు టైములో చెట్లు నిద్రలో ఉంటాయి సార్. అప్పుడు కొలిస్తే ఆకు తిన్నది తెలీదు, ఊపిరి వదిలింది మాత్రమే తెలుస్తుంది," అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"ఎమ్మెస్సీ చదివి మీ ఊరి ముసలమ్మలా మాట్లాడతావేంటమ్మా," అన్నాడు. "నిద్రపోతున్నాయా? అయితే నువ్వు వాటికి జోల పాడుతున్నావా?"

గది గదంతా నవ్వింది. అకౌంట్సు చూసే ఆయనకు టీ పొలమారింది. పక్కనున్నవాళ్ళు ఆయన నెత్తి తట్టి, తట్టడం అయ్యాక మళ్ళీ నవ్వారు. నేను నిలబడే ఉన్నాను. సిగ్గుతో కాదు. నవ్వులన్నీ ఆగేదాకా కూర్చోకూడదనుకున్నాను, అంతే.

ఆ రోజు నుంచి నా పేరు జోల మేడం. క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటు పట్టుకుని పోతుంటే, "పిల్లలు పడుకున్నారా మేడం?" అని వెనకనుంచి ఎవరో ఒకరు. ఫోనులో లాలిపాట పెట్టి జేబులో దాచుకునేవాడొకడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూ ఎవరెవరు అన్నారో ఒక్కొక్క మొహమే గుర్తుపెట్టుకునేదాన్ని. కానీ వాళ్ళంతా చిల్లర. అసలు మనిషి ఒక్కడే.

ఎవరేమన్నా నేను తెల్లవారుజామునే పోయి కొలిచాను. ఆడవాళ్ళ బస్సులోనే ఎక్కి, వాళ్ళు కోస్తూ ఉంటే వాళ్ళ మధ్యే మెషీన్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నేను ఆకు పట్టగానే పెద్దక్క, "ఏమ్మే, మాటలాపండి, మొసలి నోరు తెరిచింది," అని అందరినీ అదిలించేది. అట్లా వానాకాలం పోయి మళ్ళీ వానాకాలం వచ్చేదాకా కొలిచాను. లైటు కాస్త కాస్తగా పెంచుతూ పోతే పాలకూర ఎంతవరకు తింటుంది, ఎక్కడ చాలనుకుంటుంది అన్నది తేల్చాను. ఒక హద్దు దాటాక మనం పోసే వెలుగంతా దండగేనని తేలింది. తోటకూర వేరు, అది ఎంత పోసినా ఇంకా కావాలంటుంది. ఆ గీతలన్నీ కంప్యూటరులో చక్కగా గీసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన చూసి, "గుడ్," అన్నాడు.

తర్వాత చెన్నైలో ఒక సభ. ఆకుకూరలు ఇట్లా గదుల్లో పెంచేవాళ్ళు, కొనేవాళ్ళు, పెట్టుబడులు పెట్టేవాళ్ళు అందరూ వచ్చే సభ. మేనేజరు నన్ను కూడా రమ్మన్నాడు. కొత్త చీర కట్టుకుని పోయాను. ఎందుకు రమ్మన్నాడో కారు దిగాక తెలిసింది. మెషీన్ బరువు. డ్రైవరు చేతికిస్తే ఎక్కడ పడేస్తాడోనని భయం.

వెనక వరుసలో, ఒళ్ళో మెషీన్ పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. ముందు తెర మీద నా గీతలు ఒక్కొక్కటే వచ్చాయి. నేను వేసిన రంగులే, నేను పెట్టిన అక్షరాలే. కింద మూలన పేరు మాత్రం ఆయనది. అది చూసి ఊరుకునేదాన్నేమో కూడా. ఉద్యోగాల్లో ఇవన్నీ జరుగుతాయని చదువుకునే రోజుల్లోనే చెప్పారు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. చివర్లో మైకు చేతిలోకి తీసుకుని, రెండడుగులు ముందుకు వచ్చి, గొంతు తగ్గించి ఇట్లా అన్నాడు:

"మనం మరిచిపోయే విషయం ఒకటుంది. చెట్లు కూడా మనలాగే నిద్రపోతాయి. ముందు వాటి నిద్రను గౌరవించాలి."

హాలంతా చప్పట్లు. ముందు వరుసలో ఒకావిడ తలాడించి పక్కాయనతో ఏదో చెప్పింది. నా చేతులు పెట్టెను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నా మాట. నన్ను పదిమందిలో నిలబెట్టి నవ్వులపాలు చేసిన మాట. దాన్ని కడిగి, ఇస్త్రీ చేసి, తన చొక్కాలా తొడుక్కున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు గుమ్మిడిపూండి దాటుతుండగా ఆయన ముందు సీటులోంచి వెనక్కి తిరిగి అడిగాడు.

"ఎలా ఉందమ్మా నా నిద్ర పాయింటు?"

"బాగుంది సార్," అన్నాను.

తడ చేరేలోగా నాకు ఏం కావాలో తేలిపోయింది. గీతల కింద నా పేరు రావడం కాదు. క్షమించమని అడగడమూ కాదు. అడిగితే క్షమించేయాల్సి వస్తుంది. ఆ మనిషి నోటితో, పదిమంది ముందు, "నాకు తెలియదు" అనిపించాలి. అంతే. ఆయన అన్నిటికీ "తెలుసు, తెలుసు" అనే మనిషి. మాట సగంలో ఉండగానే "తెలుసులే" అంటాడు. ఆ నోరు ఒక్కసారి ఆ మాట పలకడం నేను వినాలి, నన్ను చూసి నవ్వినవాళ్ళంతా వినాలి.

అవకాశం ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెన్నై హోటళ్ళకు కూరలు సరఫరా చేసే పెద్ద వ్యాపారస్తురాలు ఒకావిడ మా గదులు చూడటానికి వస్తానన్నారు. ఒప్పందం కుదిరితే మా సరుకులో ముప్పాతిక వంతు ఆవిడకే పోతుంది. మొదట సాయంత్రం వస్తామన్నారు, లైట్లు వేశాక. తర్వాత తీరిక లేక మధ్యాహ్నం పన్నెండు గంటల వేళకు మార్చారు. ఆ సంగతి చెప్పడానికి మేనేజరు అందరినీ పిలిచాడు. ఆవిడ ముందు మెషీన్‌తో ఆకును తనే స్వయంగా కొలిచి చూపిస్తానన్నాడు. నన్ను మెషీన్ సిద్ధం చేసి పెట్టమన్నాడు.

పన్నెండు గంటలంటే ఆ గదికి నడిరాత్రి. ఆ వేళకు ఆకు కొలవాలంటే లైట్ల వేళను నాలుగైదు రోజుల ముందు నుంచి కొంచెం కొంచెం జరుపుకుంటూ రావాలి. నిజం చెబుతున్నాను, నా నోరు తెరుచుకుంది. ఎంత పగైనా, చదువుకున్న చదువు ఒకటి ఉంటుంది కదా. "సార్, ఆ టైముకు..." అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. నవ్వుతున్నాడు.

"చెట్లు నిద్రపోతాయని మాత్రం అనకు తల్లీ."

మళ్ళీ గదంతా నవ్వింది. అకౌంట్సు ఆయన ఈసారి ముందుగానే కప్పు కింద పెట్టుకున్నాడు.

"అనను సార్," అన్నాను. కూర్చున్నాను. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చెప్పకుండా ఉండే బాధ్యత కూడా ఆయనే నెత్తిన వేసుకున్నాడు.

ఆ రోజులన్నీ నేను పండగకు ఇల్లు సర్దుకున్నట్టు పని చేశాను. మెషీన్ గొట్టాలు మార్చాను, పాత ఫిల్టర్లు తీసి కొత్తవి వేశాను. ఎలక్ట్రీషియన్ అన్నను పక్కన నిలబెట్టుకుని, మెషీన్ అంకెలు సరిచూసి కాలిబ్రేషన్ చేశాను, రేపు ఎవరైనా అడిగితే సాక్షి ఉండాలని. ఆ ఉదయం కోత అయ్యి లైట్లు ఆరాక, పెద్దక్క చందమామ వైపు కనబడేటట్టు బోర్డు తిప్పి వేలాడదీసింది. నేను తడిగుడ్డ తీసుకుని ఆ చందమామను మెరిసేటట్టు తుడిచాను.

పెద్దక్క నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఈ యాళప్పుడు పెద్దోళ్ళు వస్తా ఉండారంట కదా పాపా. నిద్దర్లో ఆకు పట్టి ఏం చూపిస్తాడాయన?"

"అదే చూద్దాం అక్కా. మీరు మాత్రం ఏమీ అనొద్దు."

"మేమెందుకంటాము," అంది పెద్దక్క. అని, మిగతావాళ్ళను కూడా పోవద్దని ఆపేసింది. ఆ రోజు పనైపోయినా ఒక్కరూ బస్సెక్కలేదు. తలల మీది టోపీలు తీయకుండానే గోడ పక్కన వరుసగా నిలబడ్డారు.

వచ్చినావిడను చూడగానే గుర్తుపట్టాను. చెన్నై సభలో ముందు వరుసలో తలాడించినావిడే. నెరిసిన జుట్టు, నూలు చీర, వెంట ఇద్దరు మగవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడే మద్రాసు మనిషి. ఓనరు కూడా వచ్చాడు. ఆఫీసు ఆఫీసంతా వెనకే వచ్చింది. మేనేజరు తలుపు తీస్తూ లోపలికి కేక వేశాడు.

"లైట్లు వెయ్యండి."

ఎలక్ట్రీషియన్ అన్న నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అతను స్విచ్చి నొక్కాడు. నల్లగా ఉన్న గది ఒక్కసారిగా గులాబీ రంగైంది. అందరూ కళ్ళు చిట్లించుకున్నారు. రాత్రిళ్ళు పైకి ముడుచుకుని నిలబడే తోటకూర ఆకులు అట్లాగే నిలబడి ఉన్నాయి. వచ్చినావిడ వాటి దగ్గర కాస్త ఆగింది.

మేనేజరు పాలకూర ట్రే దగ్గరికి పోయి, మంచి వెడల్పాటి ఆకు ఏరి, మొసలి నోట్లో పెట్టి మూశాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. కాంతి గురించి, భవిష్యత్తు గురించి, ఆకుల భాష గురించి. తెర మీద అంకె కదిలింది. అందరూ ముందుకు వంగారు.

మైనస్.

"మైనస్ అంటే ఏమిటండీ?" అని ఆవిడ అడిగింది.

"చిన్న ఎర్రర్ మేడం. స్టెబిలైజ్ అవ్వాలి," అన్నాడు. ముఖం దగ్గరగా పెట్టి తెరను చూశాడు. నోటి గాలికి అంకె ఎగిరి గంతులేసి, మళ్ళీ సున్నా కిందికే వచ్చి కూర్చుంది. ఇంకో ఆకు పట్టాడు. అదీ మైనస్. మూడోది పట్టేటప్పుడు తొందరలో ఆకు చిరిగింది. గోడ పక్కన ఎవరో ఆడమనిషి చిన్నగా 'చ్చొ' అంది.

ఆయన లేచి నిలబడి, రుమాలుతో మెడ తుడుచుకుని, నవ్వాడు.

"సారీ మేడం. మా అమ్మాయి సరిగా కాలిబ్రేట్ చేసినట్టు లేదు."

అందరూ నా వైపు తిరిగారు. ఓనరు, అకౌంట్సు ఆయన, లాలిపాట పెట్టేవాడు, అందరూ. నేను ఎన్ని నెలలుగానో ఎదురుచూసిన క్షణం అదే.

"పొద్దున్నే చేసినాను సార్. అన్న పక్కనే ఉండినాడు. మెషీన్ బాగుంది, ఆకు బాగుంది. అంకె కూడా సరైందే."

"మైనస్ సరైనదా?"

"ఒక్కటి చెప్పండి సార్. ఈ గదికి ఇప్పుడు పగలా, రాత్రా?"

"ఏం ప్రశ్నమ్మా అది. లైట్లు వెలగట్లేదా? పగలే."

ఎలక్ట్రీషియన్ అన్న తల వంచుకున్నాడు. వచ్చినావిడ గది చుట్టూ చూసింది. ఆవిడ కళ్ళు తలుపు మీద ఆగాయి.

"మరి అక్కడ చందమామ ఉందే?"

"అదా, మా లేడీస్ పెట్టుకున్న డెకరేషన్ మేడం," అన్నాడు మేనేజరు.

ఆవిడ నన్ను చూసింది. చెప్పాను. సాయంత్రం లైట్లు వేస్తామని, పొద్దున ఆర్పేస్తామని, ఇప్పుడు ఈ గదిలో నడిరాత్రి అని, లైటు వేసిన నిమిషానికే ఆకు తినదని, ఇంకో ముప్పావుగంట అందరం నోరు మూసుకుని నిలబడితే అంకె అదే పైకి వస్తుందని. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించి ఉంటుంది.

"చెట్లు నిద్రపోతాయని చెన్నైలో మీరే కదండీ చెప్పింది. ఆ మాట విని కదా నేను ఇంత దూరం వచ్చింది. మరి ఇప్పుడు నిద్రలో ఉన్నాయని మీకు తెలీదా?"

నేను ఆయన పెదవుల వంకే చూస్తున్నాను. అవి విడివడ్డాయి. చెప్పు, అనుకున్నాను. రెండే మాటలు. ఆయన నోరు మూసుకుని, జేబులో మోగని ఫోను తీసి, చెవిన పెట్టుకుని, బయటికి నడిచాడు.

ఎవరూ నవ్వలేదు. అదీ నాకు కొరతే. నన్ను చూసి అంత హాయిగా నవ్వినవాళ్ళు ఆయన్ను చూసి ఒక్కరూ నవ్వలేదు. అకౌంట్సు ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు.

ఒప్పందం కుదిరింది. ఇకమీదట చెట్ల సంగతి తెలిసిన మనిషితోనే మాట్లాడతానని ఆవిడ ఓనరుకు చెప్పిందట. నాకు ఆ గదుల బాధ్యత ఇచ్చారు. మేనేజరును చెన్నై ఆఫీసుకు మార్చారు, అమ్మకాలు చూసుకోవడానికి. అది శిక్ష అని అందరూ నా చెవిలో చెప్పారు. మాట్లాడటమే పని అయిన చోటికి మాట్లాడే మనిషిని పంపడం ఏం శిక్షో నాకు అర్థం కాలేదు.

వెళ్ళే రోజు ఆయన తాళాలు ఇవ్వడానికి కొలతల గదికి వచ్చాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. తాళాలు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చిక్కాడు కొంచెం. చొక్కాకు ఇస్త్రీ ఉంది.

"నీకు ముందే తెలుసు కదమ్మా," అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు ఎప్పటినుంచో తయారుగా ఉంది. సాన పట్టి పెట్టుకున్నాను.

"చెప్పినాను సార్. చేరిన కొత్తలో మీటింగులో నిలబడి చెప్పినాను, చెట్లు నిద్రపోతాయని. జోల పాడుతున్నావా అని అడిగినారు మీరు. అందరూ నవ్వినారు. ఇన్ని నెలలు నన్ను జోల మేడం అని పిలిచినారు."

ఆయన మొహం ఎర్రబడుతుందని చూశాను. కళ్ళు దించుకుంటాడని చూశాను. ఆయన నుదురు ముడివేసుకుని, నిజంగానే, చిత్తశుద్ధితో, ఆలోచించాడు.

"చెట్లు నిద్రపోతాయన్నది నా మాట కదమ్మా," అన్నాడు. మెత్తగా, తప్పు దిద్దుతున్నట్టు. "నువ్వన్నావా? అలా జరిగిందా? నాకు తెలియదే."

వచ్చింది. ఆ మాటే. ఆ నోటితోనే. నటన లేదు, దాపరికం లేదు, పసివాడంత నిజాయితీగా చెప్పాడు. మొన్న 'అనకు తల్లీ' అని నన్ను ఆపింది కూడా ఆయనకు గుర్తులేదు. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు. అది పాలకూర గురించి కూడా కాదు, నా గురించి. నేను ఇన్నాళ్ళు కడుపులో మోసినదంతా, ఆయన వైపు నుంచి చూస్తే, జరగనే లేదు.

"ఒక్క నిమిషం ఉండండి సార్," అని తలుపు తీసి, గట్టిగా పిలిచాను. "అక్కా, అందరూ ఒకసారి రండి. అన్నా, నువ్వు కూడా."

చేతి తొడుగులు తీస్తూ, తీయకుండా, అందరూ వచ్చారు. పెద్దక్క ముందు నిలబడింది.

"ఏంది పాపా, ఏమైంది?"

"సార్ ఇప్పుడొక మాట అన్నారు. మీ అందరి ముందూ మళ్ళీ అంటారు. వినండి."

ఆయన మమ్మల్నందరినీ చూశాడు. వీడ్కోలు చెప్పడానికి పిలిచాననుకున్నాడు. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, ఆ మెత్తటి నవ్వు నవ్వాడు.

"ఏ మాటమ్మా?" అన్నాడు.

ఆడవాళ్ళు నా మొహం చూస్తున్నారు. నేను చెప్పలేదు. చెబితే అది మళ్ళీ నా మాట అవుతుంది. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, పెద్దక్కను ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు.

"పోనీలే పాపా," అంది పెద్దక్క. "మనిషి ఎల్లిపోయినాడు కదా ఇక్కడి నుంచి."

పోనీ అనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఇప్పుడు ఆ గదులు నావి, మెషీన్ నాది, గీతల కింద పేరు నాది. జోల మేడం అని ఎవరూ అనరు. అయినా తెల్లవారుజామున మొదటి ఆకును మొసలి నోట్లో పెట్టి, అందరం నోళ్ళు మూసుకుని, అంకె పైకి రావడం కోసం నిలబడినప్పుడు, నాకు ఆయన గొంతే వినబడుతుంది. వచ్చే నెల చెన్నైలో మళ్ళీ ఆ సభ ఉంది. ఆయన మాట్లాడతాడట, చెట్ల నిద్ర గురించే. సూళ్ళూరుపేటలో లోకల్ రైలెక్కితే చాలు, నేరుగా పోవచ్చు. ఈసారి మెషీన్ తీసుకుపోను. ఖాళీ చేతులతో పోయి ముందు వరుసలో కూర్చుంటాను, ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు చెయ్యెత్తుతాను.